తలుపు మీది కాఫీ మనిషి

మా అంజన్నకు ఒక జబ్బుంది. మంచి పని చేస్తే చేసి ఊరుకోడు. ఎందుకు చేశాడో, ఎలా చేశాడో, అందులో తన తెలివి ఎంత ఉందో విడమరిచి చెప్పాలి. పప్పుచారు బాగుందని పొరపాటున అన్నామా, అందులో చింతపండు ఎప్పుడు పడిందో, ఇంగువ ఎప్పుడు పడిందో చెబుతూ పక్కనే నిలబడతాడు. మన పళ్ళెంలో అన్నం చల్లారిపోతుంది. ఇన్నేళ్ళలో దానివల్ల జరిగిన నష్టం అంతే. కానీ ఈ మధ్య ఆ నోటి వల్లే అతనికి ఇద్రీస్ దూరమయ్యాడు.

సౌదీలోని జుబైల్‌లో మా కంపెనీ క్యాంపు మెస్సుకు అంజన్న పెద్ద వంటవాడు. కోరుట్ల దగ్గరి పల్లె నుంచి తాపీ పని వీసా మీద వచ్చాడు. మొదట్లో తన గదిలోవాళ్ళకు మాత్రమే వండేవాడు. ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే ఒక షట్‌డౌన్ కాలంలో మెస్సు వంటవాడు ఊరెళ్ళి తిరిగి రాలేదు. అప్పుడు మా క్యాంపు బాస్ ఇనాయతుల్లా, పెషావర్ మనిషి, వాసన పట్టుకుని బ్యారక్‌లోకి వచ్చి, "యే ఖట్టీ దాల్ కిస్నే బనాయీ?" అని ఆ పప్పుచారు చేసిందెవరో అడిగాడట. ఆ రోజు తాపీ వదిలి గరిటె పట్టాడు అంజన్న. ఇప్పటికీ పెద్ద గంజులో అన్నాన్ని గరిటె వెనకవైపుతో గోడకు గిలాబు చేసినట్టు చదును చేస్తాడు.

ఇద్రీస్ సూడాన్ మనిషి. పోర్ట్ సూడాన్‌లో పుట్టాడు. మా మెస్సు సరుకుల బండి నడుపుతాడు. పొద్దున్నే కూరగాయల బజారుకు ఇద్దరూ కలిసే వెళ్తారు. వంకాయ ముచిక చూసి ఎంచేది అంజన్న, బేరమాడేది ఇద్రీస్. అంజన్నకు అరబీ నేర్పింది కూడా ఇద్రీసే. అందుకే అంజన్న నోరు తెరిస్తే సౌదీలు నవ్వుతారు, సూడాన్ వాళ్ళు వచ్చి కౌగిలించుకుంటారు. అంజన్నకు కడుపు ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రిలో రాత్రంతా ఉన్నవాడు ఇద్రీస్. బంధువులకే అనుమతి అని నర్సు అంటే, "నా తమ్ముడు" అన్నాడు. ఆమె ఇద్దరి ముఖాలూ చూసి నమ్మింది. చూస్తే నమ్మదా మరి, ఇద్దరిలో అంజన్నే ఒక పిసరు ఎక్కువ నలుపు.

నిరుడు క్యాంపు కొత్త చోటికి మారింది. కొత్త మెస్సు, కొత్త పొయ్యిలు, మెరిసే గచ్చు. మొదటి వారంలోనే గంజు అడుగంటింది. పొగ లాగే ఫ్యాను ఊడి చట్నీలో పడింది. రొట్టెలు చేసే నవాజ్ ఆ మెరిసే గచ్చు మీదే జారి నడుం పట్టేసుకున్నాడు. "దిష్టి" అని తేల్చేశాడు అంజన్న. "ఇంత మంచి మెస్సు సూసి పక్క క్యాంపోళ్ల కండ్లు మండుతున్నయి."

ఊళ్ళో అయితే దిష్టిబొమ్మ కట్టి చేతులు దులుపుకునేవాడు. ఇక్కడ నిమ్మకాయా మిరపకాయా గుమ్మానికి కట్టినా సెహర్ అంటారు, చేతబడి కింద లెక్క. ఇనాయతుల్లా ఒప్పుకోడు, పైవాళ్ళు అసలు ఒప్పుకోరు. పాపం అంజన్న ఏ బొమ్మా లేకుండానే ఇంకో గంజు మాడ్చాడు.

ఆ శుక్రవారం అతనూ, కంపెనీ ఆఫీసులో పనిచేసే నేనూ దమ్మాంలో హరాజ్‌కు వెళ్ళాం. పాత సామాన్లన్నీ అక్కడే అమ్ముతారు. పాత రేడియోల గుట్ట వెనక ఒక రేకు బోర్డు కనపడింది. ఎప్పటిదో కాఫీ ప్రకటన. అక్షరాలు సగం తుప్పు తినేసింది గానీ మనిషి బొమ్మ మాత్రం నిన్న గీసినట్టుంది. బొగ్గు నలుపు ముఖం, కోడిగుడ్లంత తెల్లటి కళ్ళు, చెవి నుంచి చెవి దాకా ఎర్రటి పెదవులు, నెత్తిన ఎర్ర టోపీ, చేతిలో ట్రే, ట్రేలో కప్పు. ఎవరికో వంగి కాఫీ ఇస్తూ నవ్వుతున్నాడు.

అంజన్న అక్కడే కూలబడ్డాడు. "సార్, కండ్లు సూడుండ్రి! మా దిష్టిబొమ్మకు సొంత అన్నలెక్క లేడా?"

"అది కాఫీ ప్రకటన, అంజన్నా."

"గదే గావాలె నాకు. సూసెటోళ్లకు కాఫీ, మనకు దిష్టిబొమ్మ. ఎవడన్న అడిగితె పాతకాలం బోర్డు అంటం. ఇనాయతుల్లాకు ఏం సమజయితది?"

నాకు నవ్వొచ్చింది. అతని తెలివికి మెచ్చుకున్నాను కూడా. బోర్డు తెచ్చి వంటింటికీ భోజనాల హాలుకూ మధ్య తలుపు పైన, నాలుగు మూలలా స్క్రూలు కొట్టి బిగించాడు. విచిత్రం ఏమిటంటే, ఆ తర్వాత గంజు మాడలేదు. నవాజ్ నడుం కూడా సర్దుకుంది. ఇనాయతుల్లా చూసి, "అచ్ఛా హై, హోటల్ జైసా లగ్తా హై" అన్నాడు. అంజన్న నా వైపు చూసి కన్ను గీటాడు.

ఇదంతా జరిగినప్పుడు ఇద్రీస్ ఇక్కడ లేడు. రాస్ తనూరాలో వేరే పనికి అతన్ని బండితో సహా పంపారు. తిరిగొచ్చిన రోజు మధ్యాహ్నం హాలు నిండా జనం. ఇద్రీస్ అలవాటు ప్రకారం వెనక నుంచి వంటింట్లోకి వచ్చి, తన పళ్ళెంలో తానే వడ్డించుకుని, ఆ తలుపులోంచి హాల్లోకి వచ్చాడు. అతను ఎత్తరి, తలుపు పొట్టిది. తల వంచి దాటి, నిటారుగా నిలబడేసరికి అతని ముఖమూ బోర్డు మీది ముఖమూ పక్కపక్కనే ఉన్నాయి. ఒక బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు.

ఇద్రీస్ వెనక్కి తిరిగి బోర్డును చూశాడు. అతను అరబీ, హిందీ, అంజన్న నేర్పిన తెలుగూ కలిపి మాట్లాడతాడు. నేను తెలుగులో రాస్తున్నాను.

"ఈయన నాకు తెలుసు" అన్నాడు. "మా నానమ్మ చక్కెర పోసుకున్న పాత కాఫీ డబ్బా మీద ఉండేవాడు. ఇక్కడికెలా వచ్చాడు?" నవ్వాడు కూడా.

అక్కడితో అంజన్న ఊరుకుంటే ఈ కథ లేదు.

"అన్నా, నువ్వు కాఫీ అనుకుంటున్నవ్" అంటూ గరిటెతో సహా బయటికి వచ్చాడు. "కాఫీ గాదు. మెస్సుకు దిష్టి తగల్తున్నది గదా. మా దగ్గర గుమ్మానికి బొమ్మ కడ్తరు. చెడు కన్ను వస్తది, ఎట్లొస్తది? గిట్లొస్తది." కళ్ళు పెద్దవి చేసి దొంగలా నడిచి చూపించాడు. "వచ్చి గీ మొకం సూస్తది. ఖలాస్! ఉరుకుతది." నాలుక బయటపెట్టి పరుగు కూడా నటించాడు. హాలంతా నవ్వింది. బల్లలు చరిచారు.

ఇద్రీస్ మెల్లగా అడిగాడు. "ఎందుకు పారిపోతుంది?"

"ఎందుకంటె, గీ మొకం..." అంటూ అంజన్న తన ముఖం చుట్టూ చెయ్యి తిప్పబోయి, సగంలో ఆగిపోయాడు. చెయ్యి దించడం కూడా తెలియలేదు పాపం. గరిటె నుంచి చారు కారి చొక్కా మీద పడుతోంది.

ఇద్రీస్ కూర్చుని అన్నం తిన్నాడు. మెతుకు మిగల్చలేదు. పళ్ళెం కడిగి పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు భోజనానికి రాలేదు, ఆ పై రోజూ రాలేదు. పొద్దున బజారుకు మాత్రం బండి తెస్తాడు. అంజన్న ఎంచిన వంకాయలకు బేరమాడతాడు. బండిలో మాట లేదు. మధ్యాహ్నం బయట ఎక్కడో రొట్టె కొనుక్కుని తింటున్నాడని నవాజ్ మోసుకొచ్చాడు. ఆ మాట అంజన్నను తిట్టుకన్నా ఎక్కువ కోసింది. తాను వండుతుండగా ఇద్రీస్ కొనుక్కుని తినడమేమిటి?

మెస్సులో ఇక ఇదే పంచాయితీ. "బోర్డు తీసెయ్, దిష్టికని పైవాళ్ళకు తెలిస్తే అందరికీ ముప్పు" అన్నాడు ఇనాయతుల్లా. "బయటి దేశాల్లో ఇలాంటి బొమ్మల్ని సరుకుల పెట్టెల మీంచి తీసేశారు. నాకు తెలియక హోటలులా ఉందన్నాను."

"తీసెయ్యడం దేనికి?" అన్నాడు నవాజ్. "పాత వస్తువు. ఆయన నవ్వుతున్నాడు, ఏడవట్లేదు కదా. ఇద్రీస్ భాయే నానమ్మ డబ్బా అని మురిశాడు."

జగిత్యాల వెల్డరు భూమేష్ మజ్జిగ తాగుతూ, "మన క్రిష్ణుడు నల్లగ లేడా? నలుపుల తప్పేమున్నది?" అన్నాడు.

"క్రిష్ణున్ని దిష్టికి కడ్తమారా?" అని అరిచాడు అంజన్న. అరిచిన తర్వాత తానన్న మాట తానే విన్నట్టున్నాడు. లేచి, నిచ్చెన తెచ్చి, స్క్రూలు విప్పాడు.

బోర్డును బియ్యం గోతంలో చుట్టి నా దగ్గరికి వచ్చాడు. "మీరు పెద్దమనిషి లెక్క రాండ్రి సార్. నేను తప్పొప్పుకుంట. మీరు నడుమ కూసోండ్రి." మధ్యవర్తి లేకుండా ఆ ఊరివాళ్ళకు క్షమాపణ చెప్పుకోవడం చాతకాదు. సరే అన్నాను.

సాయంత్రం ఎండ తగ్గాక బండి దగ్గరికి వెళ్ళాం. ఇద్రీస్ అద్దం తుడుస్తున్నాడు. అంజన్న దారంతా ఒక మాట బాగా వల్లించుకుని వచ్చాడు. "అన్నా, నేను గూడ నల్లగనే ఉన్న. నీకన్న నలుపు. ఊళ్లె ఇంకో అంజన్న ఉంటె నన్ను నల్లంజన్న అనెటోళ్లు. నల్లోన్ని నల్లోడు ఎక్కిరిస్తడా చెప్పు?"

ఇద్రీస్ గుడ్డ పిండాడు. "అయితే నీ ఫోటో కట్టాల్సింది."

నాకు నవ్వు ఆగలేదు. అక్కడ నవ్వింది నేనొక్కణ్ణే. పెద్దమనిషితనం అంతటితో పోయింది.

ఇద్రీస్ గోతం విప్పి బోర్డును బండి మెట్టు మీద ఆనించాడు. "చిన్నప్పుడు ఈయన మా తాతయ్య అనుకునేవాణ్ణి. నేను చూడలేదు తాతయ్యను, ఓడల్లో పనిచేసేవాడని విన్నాను. ఓడల్లో వాళ్ళకు టోపీ ఇస్తారనుకున్నా. మా నానమ్మ ఆ డబ్బాలోంచి చక్కెర తీసి నా నోట్లో వేసేది. ఆయనంటే నాకు ఇష్టం. తర్వాత రేవులో పనికి వెళ్ళినప్పుడు నేను నవ్వితే, ఒక నావికుడు నన్ను చూపించి, ఆ డబ్బా మీది పేరు పెట్టి పిలిచాడు. ఇటు రా, కాఫీ తే అన్నాడు. వాళ్ళంతా నవ్వారు, అచ్చం మీ హాల్లోలా." గుడ్డతో బోర్డు అంచు తుడిచి, "డబ్బా మాత్రం పారెయ్యలేదు. ఇంట్లోనే ఉంది. నానమ్మది కదా" అన్నాడు.

"నేను పారేస్త! తొక్కి పారేస్త!" అని అంజన్న కాలెత్తాడు. ఇద్రీస్ అతని భుజం పట్టి ఆపాడు.

"ఆయన మీద కాలెందుకు? ఆయనేం చేశాడు? గీసినవాడు మమ్మల్ని ఎప్పుడూ చూసి ఉండడు, నోటికొచ్చినట్టు గీశాడు. నువ్వు రోజూ చూస్తావు. భయపెట్టడానికి నీకొక ముఖం కావాల్సి వచ్చింది. బజారంతా తిరిగి, నాది తెచ్చుకున్నావు."

అంజన్న దీనికి ఏదో ఒక వివరణ ఇస్తాడని చూశాను. ఇవ్వలేదు. గోతం చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. "తప్పయింది అన్నా" అన్నాడు. గొంతు తగ్గించి, "రేపు తింటవా?" అన్నాడు.

"నీ పప్పుచారు తినను."

అంజన్న ముఖం చూడలేక నేను బండి టైర్లు చూశాను.

"నేను చెప్పింది వండితే తింటా" అన్నాడు ఇద్రీస్. "ఇన్నేళ్ళూ నీ ఊరి తిండి తిన్నాను. మా ఇంట్లో ఏం తింటామని నువ్వు ఒక్కసారైనా అడిగావా?"

అడగలేదు. అంత పెద్ద నోరు పెట్టుకుని ఆ ఒక్క మాట అడగలేదు.

"ఏం తింటరన్నా?"

"అసీదా. పిండి నేను తెస్తా. నువ్వు కలుపు. నేను చెప్పినట్టు కలుపు."

బోర్డును ఇద్రీస్ తన గదికి తీసుకెళ్ళాడు. గోడకు పెట్టలేదు, బయటా పారెయ్యలేదు, మంచం కింద గోతంలోనే ఉంది. ఏం చేస్తావని తర్వాత ఒకసారి అడిగాను. "ఎన్నేళ్ళుగానో ట్రే పట్టుకుని నిలబడ్డాడు. కొన్నాళ్ళు పడుకోనీ" అన్నాడు.

శుక్రవారం నమాజు అయ్యాక ఇద్రీస్ పిండి సంచీ, ఎండబెట్టి దంచిన బెండకాయ పొడి డబ్బా పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. స్టూలు మీద కూర్చుని పెత్తనం మొదలుపెట్టాడు. నీళ్ళు ఇంకా మరగాలి. పిండి ఒక్కసారే పొయ్యకు. తిప్పు, ఆపకు, చెయ్యి నొప్పా, తాపీ మేస్త్రీవేనా నువ్వు? అంజన్న కిక్కురుమనకుండా చెమటలు కక్కుతూ కర్రతో తిప్పాడు. పిండి దగ్గరపడి, మెరిసి, గంజు అంచు వదిలే సమయానికి అతని చెయ్యి ఆగిపోయింది. వేలితో చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాడు.

"ఇది జొన్నపిండి!"

"అవును."

"ఇది గట్క! మా అవ్వ చేసే గట్క!"

"అసీదా" అన్నాడు ఇద్రీస్.

"గట్క అన్నా! నాకు చెప్తున్నవా? దీన్ని తిని పెరిగిన!"

"నేనూ దీన్ని తినే పెరిగాను. మీ అవ్వకు ఎవరు నేర్పారో కనుక్కో. ఓడ మా రేవు నుంచే వచ్చి ఉంటుంది."

"మా ఊరికి సముద్రమే లేదు, ఓడ ఎట్లొస్తది?"

ఈ రగడకు హాల్లోంచి ఇనాయతుల్లా వచ్చాడు, నవాజ్ వచ్చాడు. ఇద్రీస్ ముద్దను పళ్ళెం మధ్యలో బోర్లించి, చుట్టూ బెండపొడి పులుసు పోశాడు. జిగురుగా తీగలు సాగుతోంది. అంజన్నను కూడా కూర్చోమన్నాడు. వడ్డించేవాడు కూర్చోవడమేమిటని అంజన్న నసిగితే, కాలర్ పట్టుకుని కూర్చోబెట్టాడు. ఇద్దరూ ఒకే పళ్ళెంలో చేతులు పెట్టారు.

ఈ మధ్య ఇద్రీస్ భోజనానికి వస్తున్నాడు. మునుపటిలా రోజూ కాదు. రాని రోజు ఎందుకు రాలేదని అంజన్న అడగడు, నన్ను కూడా అడగనివ్వడు. ఆ శుక్రవారం మాత్రం, గట్కకు తోడు ఉండాల్సిందేనని అంజన్న ఇంటి నుంచి వచ్చిన మామిడికాయ తొక్కు సీసా తెచ్చి పెట్టాడు. అసీదాలో ఊరగాయ ఏమిటి, పాపం తగులుతుంది అన్నాడు ఇద్రీస్. ఒక ముక్క తిని, ముఖం చిట్లించి, మళ్ళీ ఒకటి తీసుకుని, అంజన్న అటు తిరిగి నీళ్ళు తాగుతుంటే సీసాను నెమ్మదిగా తన మోచేతి వెనక్కి జరుపుకున్నాడు.