‘డూ ద నీడ్‌ఫుల్’ అంటే ఏం చేయాలి?

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, శ్రీకాకుళంలో మత్స్యశాఖ ఆఫీసుకి సూపరింటెండెంటుగా బదిలీ అయ్యాను. రోజూ చీపురుపల్లిలో రైలెక్కి ఆమదాలవలసలో దిగి, అక్కణ్ణించి ఆటోలో వెళ్లేవాణ్ణి. గుమస్తాలు రాసిన డ్రాఫ్టులు దిద్ది అధికారి సంతకానికి పంపడం సూపరింటెండెంటు పని. ఎన్నో ఏళ్లు అదే చేశాను కాబట్టి ఆఫీసుల ఇంగ్లీషు మీద నాకు గౌరవం మిగల్లేదు.

చేరిన మూడో రోజున ఎర్రమ్మ అనే మత్స్యకార మహిళ వచ్చింది. భర్త జబ్బు చేసి పోయాడు. అతని పేరునున్న పడవ రిజిస్ట్రేషను తన పేరుకి మార్చమని ఎనిమిది నెలల కిందట అర్జీ పెట్టింది. వేసవి వేట నిషేధం పది రోజుల్లో ముగుస్తుంది. ఈలోగా కాగితం రాకపోతే పడవ ఇసుకలోనే ఉంటుంది, దాని మీద పనిచేసే కళాసీలు గుజరాత్ వెళ్లిపోతారు.

ఫైలు తెప్పించాను. మా ఆఫీసు నుంచి రేవు దగ్గరున్న కింది ఆఫీసుకి ఐదు ఉత్తరాలు వెళ్లాయి, అక్కణ్ణించి ఐదు జవాబులొచ్చాయి. పదింటికీ చివరి వాక్యం ఒకటే: ‘ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్’. ఒక మహానుభావుడు దానికి ‘కైండ్లీ’ కూడా తగిలించి మర్యాద పెంచాననుకున్నాడు.

“ఏటి రాసారు బాబూ అందులో?” అని ఎర్రమ్మ అడిగింది.

చేయవలసినది చేయమని రాశారని చెప్పాను.

“సెయ్యాల్సింది ఏటో సెప్పకుండా సెయ్యమంటే ఆల్లు మాత్రం ఏటి సేస్తారు? పడవ మీద లాగరా అంటే సాలదు బాబూ, ఏ తాడో సెప్పాల.”

పాత ఆఫీసుల్లో అదే వాక్యం కింద నేనూ లెక్కలేనన్ని పొట్టి సంతకాలు పెట్టినవాణ్ణే.

ఆ సాయంత్రమే కొత్త డ్రాఫ్టు రాశాను: ఫలానా పడవను ఫలానా ఆమె పేరుకి వారంలోగా మార్చండి, మార్చలేకపోతే ఏ కాగితం తక్కువైందో రాయండి. మా అధికారి ఇంగ్లీషు ఎం.ఏ.; ఆ సంగతి ఆయన నేమ్‌బోర్డు మీద కూడా ఉండేది. భాష మొరటుగా ఉందంటూ నా వాక్యాలు కొట్టేసి, ‘డూ ద నీడ్‌ఫుల్’ అని స్వదస్తూరీతో రాశారు. సరేనండి, ఆ నీడ్‌ఫుల్ ఏమిటో మార్జిన్లో రాసిపెట్టండి అన్నాను. ఆయన కలం పట్టుకుని ఫైలు ముందుకీ వెనక్కీ తిప్పారు. ఆయనకి తెలియదు. ఎనిమిది నెలలు సంతకాలు పెట్టారే గానీ, ఏం అడుగుతున్నామో ఒక్కసారీ చూడలేదు. చివరికి, ఏదైనా తేడా వస్తే బాధ్యత నాదేనని హెచ్చరించి, నా డ్రాఫ్టు మీదే సంతకం పెట్టారు.

నాలుగో రోజున జవాబు వచ్చింది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జత చేయలేదట. అప్పటిదాకా ఆ మాట ఎవరూ రాయలేదు. పత్రం ఎర్రమ్మ ఇంట్లోనే ఉంది, మర్నాడే తెచ్చి ఇచ్చింది. నిషేధం ముగిసిన మూడో రోజుకి పడవ ఆమె పేరుకి మారింది. అప్పటికే ఇద్దరు కళాసీలు గుజరాత్ రైలెక్కేశారు. వాళ్ల బదులు ఆమె తమ్ముణ్ణి ఎక్కించుకుని పడవ వేటకి వెళ్లింది.

ఆ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. రాసేవాడికి తనకేం కావాలో తెలియకపోయినా వాక్యం పూర్తయిపోతుంది, దోషం అక్కడుంది. మిగిలిన రెండేళ్లూ, ఎవరు ఏ పని ఎప్పటిలోగా చేయాలో చెప్పని డ్రాఫ్టుని వెనక్కి పంపాను. ముసలాయన చాదస్తం అని సెక్షన్‌లో నవ్వుకునేవారు. డ్రాఫ్టులు మాత్రం మళ్లీ రాసుకొచ్చేవారు.