కసాయి పిట్ట చేతికిచ్చిన మబ్రూకా

హవారియా కొండ మీద వలలో పడ్డ పిట్టల కాళ్లకు, అవి ఎక్కడెక్కడికి వెళ్తాయో తెలుసుకోడానికి, నంబరు కడియాలు తొడిగి వదిలేయడం మబ్రూకా పని. నిరుడు ఆమె కడియం వేసిన డేగను తుపాకీతో కూల్చి, ఆ కడియాన్ని కారు తాళాలకు తగిలించుకు తిరుగుతున్నవాడు తిజానీ. ఇవాళ సిగ్గులేకుండా ఎన్నికల ఫొటో కోసం ఫొటోగ్రాఫర్‌ను వెంటేసుకుని పక్షిప్రేమికుడై దిగాడు.

"మంచి పిట్టనియ్యమ్మా, ఎగరేస్తా!"

బల్లుల్ని ముళ్లకు గుచ్చి తినే కసాయి పిట్టను ఏరి మరీ అతని చేతిలో పెట్టింది మబ్రూకా. అది వేలు కరిచి పట్టుకుంది. రక్తం కారినా వదల్లేదు.

"అమ్మో! విడిపించవే తల్లీ!"

"ఆ డేగను నువ్వు వదిలావా బాబాయ్? తాళాలు ఇటు పడెయ్."

పడేశాడు. మబ్రూకా తీరిగ్గా కూర్చుని తాళాల నుంచి డేగ కడియం విప్పుకుంది. ఫొటోగ్రాఫర్ వైపు తిరిగింది.

"తియ్యన్నా ఫొటో. పిట్టను తర్వాత తీస్తా."