ఖాళీ డబ్బాను నమ్మని సారు

మా సారు పోయారని మొన్న పొద్దున ఫోను వచ్చింది. చేసింది ఆయన కూతురు, సైనిక్‌పురి నుంచి. "అంకుల్, డాడీ నిద్రలోనే పోయిండ్రు" అంది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. "గది కిటికీలు తెరిచారా బిడ్డా?" అని అడిగాను. అడిగినాక సిగ్గేసింది. ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది. పిల్ల అంటున్నాను గానీ ఆమెకూ మనవలున్నారు. "తెరిచినం అంకుల్. మూసి పెడితే డాడీ లేచి కూసుంటడు కదా" అంది.

ఆయన కింద పనిచేసినవాళ్లం అందరం అంతే. ఏ గదిలో అడుగు పెట్టినా ముందు కిటికీ తెరుస్తాం. దేని మూత తీయాలన్నా గాలి ఎటు వీస్తుందో చూసుకుంటాం. మా ఇంట్లో ఆవకాయ జాడీ తీసేటప్పుడు కూడా నేను వేలు తడిపి గాలికి పట్టి చూస్తాను, మా ఆవిడ నెత్తి కొట్టుకుంటుంది. బతుకంతా విషం డబ్బాల మధ్య గడిపిన మనిషి తొంభై దాటి, తన పక్క మీద, నిద్రలో పోయాడు. పని వచ్చినవాడంటే ఎవడని నన్నడిగితే ఇంతకన్నా చెప్పలేను.

ఏం పని అంటారా? ఎలుకల పని. పోలీస్ యాక్షన్ అయిన కొత్త రోజులు. నిజాం ఏలుబడి పోయింది, ఢిల్లీ సైన్యం వచ్చింది, ఎవరి మాట చెల్లుతుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. బియ్యం, జొన్నలు రేషను మీద ఇచ్చేవారు. ఆ గింజలన్నీ సికింద్రాబాద్ స్టేషను పక్క గోదాముల్లో ఉండేవి. మనుషులకు కొలిచిచ్చే గింజలు ఎలుకలకు మాత్రం కొలత లేకుండా అందేవి. అందుకని సర్కారు ఎలుకల దళం ఒకటి పెట్టింది. విషం తెచ్చి దాచి వాడడానికి పరవానా ఉన్న మనిషి మా దళంలో ఒక్కరే, మా సారు. బందరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవులు. ఖాకీ చొక్కా, ఖాకీ నిక్కరు, ఆదివారం మాత్రం ఇస్త్రీ చేసిన తెల్ల పంచె. నేను గోదాములో మూటలు మోసి నడుము విరగ్గొట్టుకుని, కూర్చుని చేసే పని కదా అని ఆయన దగ్గర చేరాను.

కూర్చోనిస్తేగా!

రోజూ పొద్దున డబ్బా తెరిచే ముందు మమ్మల్ని వరసగా నిలబెట్టేవారు. డబ్బా మీద అంటించిన కాగితంలోని ఇంగ్లీషు చదివేవారు, తెలుగులో చెప్పేవారు, వచ్చీరాని ఉర్దూలో చెప్పేవారు. మేమందరం తిరిగి చెప్పాలి. నిన్నటి డబ్బానే, నిన్నటి మాటలే. మాలో ఒకడు "ప్రార్థన అయింది, ఆమెన్" అన్నాడొకసారి. సారు కోప్పడలేదు. "ప్రార్థన మరిచిపోతే దేవుడు క్షమిస్తాడయ్యా. మందు క్షమించదు" అన్నారు. నేను బడి మొహం సరిగ్గా చూడలేదు. నాకు వచ్చిన ఇంగ్లీషు అక్షరాలన్నీ ఆ కాగితం మీద నేర్చినవే; తెలుగు అక్షరాలు సారు దాని కిందే రాసి చూపేవారు. అందుకే 'ప్రమాదం' అన్న మాట ముందు వచ్చింది, నా పేరు రాయడం తరువాత వచ్చింది. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ విషం డబ్బా పెట్టిన భిక్షే.

ఆయనకు ఇంకొక అలవాటుంది. డబ్బా ఖాళీ అయితే దాని అడుగునా పక్కలా మేకు పెట్టి సుత్తితో కొట్టి చిల్లులు పొడిచి, గోదాము వెనుక గోతిలో పూడ్చేవారు. ఆ పని ఇంకొకరి చేతికి ఇచ్చేవారు కారు. చూస్తూ నిలబడ్డవాళ్ల ప్రాణం ఉసూరుమనేది. ఈ కాలం వాళ్లకు చెబితే అర్థం కాదు, ఆ రోజుల్లో డబ్బా అంటే ఆస్తి. కిరసనాయిలు డబ్బాకు కర్ర బిగిస్తే నీళ్ల బిందె, కోసి పరిస్తే ఇంటి కప్పు, బోర్లిస్తే పెళ్లి బాజా. మా అత్తగారు కూతురిని నా చేతిలో పెట్టినప్పుడు ఏడవలేదు. మూత గట్టిగా కూర్చునే బిస్కెట్ల డబ్బాను కూతురి వెంట పంపినప్పుడు కళ్లొత్తుకున్నారు. ఆ డబ్బా కథ వేరే ఉంది, ఇప్పుడొద్దు. సారు డబ్బాకు మేకు కొడుతుంటే హమాలీలు "పాపం తగులుతది సారూ" అనేవారు. "ఖాళీ డబ్బా అనేది లేదయ్యా. మందు కంటికి కనబడని డబ్బా ఉంటుంది, అంతే" అనేవారు ఆయన.

ఒకనాడు మధ్యాహ్నం డబ్బా ఖాళీ అయింది. సారు మేకు చేతిలోకి తీసుకున్నారో లేదో గోదాము అధికారి పిలుస్తున్నాడని కబురు. మేకును డబ్బా మూత మీద పెట్టి వెళ్లారు. పొద్దు వాలాక తిరిగి వచ్చేసరికి మేకు నేల మీద ఉంది, డబ్బా లేదు. వాచ్‌మన్‌ను అడిగితే, ఒక హమాలీ గోనెపట్టాలో ఏదో చుట్టుకుని చిలకలగూడ వైపు పోయాడని, ఇంట్లో పెట్టి మళ్లీ వచ్చి సరుకు బండితో పాటు కాజీపేట వెళ్లిపోయాడని చెప్పాడు.

సారు ముందు ఒక మనిషిని ఆఫీసుకు పంపారు. "విషం డబ్బా పోయింది, పోగొట్టింది నేను అని చెప్పు. తరువాత ఇంకెవరో చెబితే వాళ్లకు తెలియకూడదు" అన్నారు. ఆ మనిషి తిరిగొచ్చి, ఇద్దరు పోలీసులను వెంట తీసుకుపొమ్మన్నారని చెప్పాడు. సారు వద్దన్నారు.

"ఎందుకు సార్?" అన్నాను నేను.

"పోలీసు వస్తే డబ్బా ఎక్కడ పడుతుందో ఆలోచించు."

ఆలోచించాను. అప్పుడు ఇళ్లలో సోదాలు జరుగుతున్నాయి. ఆయుధాలున్నాయా అని ఖాకీ వాళ్లు గల్లీ గల్లీ తిరుగుతున్నారు. భయానికి జనం ఏది అనుమానం అనిపిస్తే దాన్ని బావిలో పడేస్తున్నారు. తాత నాటి తుప్పు కత్తి, పాత బెల్టు, చివరికి కొబ్బరి కోరే పీట కూడా. హమాలీ ఉండే గల్లీకంతటికీ ఒకటే బావి. ఆ ఇంటి పిల్లలు తినేది ఆ డబ్బాలోంచి, గల్లీ అంతా తాగేది ఆ బావిలోంచి.

చిలకలగూడలో ఆ గల్లీ మొదట్లో సారు ఖాకీ చొక్కా విప్పి నా చేతికిచ్చారు. నిక్కరు కూడా ఖాకీయే. దానికేం చేయగలం? నా భుజం మీద తువాలు ఇస్తే నడుముకు చుట్టుకున్నారు. బనీనుతో, తువాలుతో మా సారు నడుస్తుంటే స్నానానికి పోతున్నట్టే ఉంది. అయినా నా చేతిలో ఖాకీ చొక్కా చూసి తలుపులు టపటపా పడ్డాయి. దాన్ని మడిచి చంకలో దాచాను.

హమాలీ ఇంటికి గోనె పరదా కట్టి ఉంది. లోపల అతని తల్లి, కోడలు, పిల్లలు; ఆ ఆడవాళ్లు పరాయి మగవాళ్ల ఎదుటికి రారు. "అమ్మా" అని పిలిచారు సారు.

"ఎవరది?" ముసలి గొంతు.

"గోదాము నుంచి వచ్చానమ్మా. మీ అబ్బాయి తెచ్చిన డబ్బా కోసం."

"మా ఇంట్ల డబ్బా లేదు, గిబ్బా లేదు. తుపాకులని వచ్చిన్రు, చూస్కోని పోయిన్రు. కత్తులని వచ్చిన్రు, ఉల్లిగడ్డ కోసే కత్తి సుత పట్టుకపోయిన్రు. గిప్పుడు డబ్బాలా? రేపు చెంచాల కోసం వస్తరా ఏంది?"

పక్కింటి పరదా వెనుక ఎవరో కిసుక్కున నవ్వారు.

"చెంచాలు మీరే ఉంచుకోండమ్మా. నేను పోలీసును కాను. ఎలుకల వాణ్ణి."

"ఎలుకలోనివైతే ఎలుకల్ని పట్టుకపో. మా ఇంట్ల మస్తున్నయ్."

అప్పుడు వినిపించింది, లోపల రొట్టె తడుతున్న చప్పుడు. తప, తప, తప. సారు చేయి చాస్తే పరదా అందుతుంది. పరవానా ఆయనది, డబ్బా సర్కారుది, చట్టం ఆయన పక్కనే నిలబడి ఉంది. ఆయన ఆ చేయి చాచలేదు. పరదా ముందు, తడి మట్టిలో చతికిలబడ్డారు.

"అమ్మా, జొన్నపిండి ఆ డబ్బాలో పోశారా? అది ఎలుకల మందు డబ్బా. కడిగితే పోదు, అతుకు సందుల్లో ఉంటుంది. పెద్దవాళ్లయినా తట్టుకోలేరు, ఇక పసివాళ్లు ఎంత? మీ అబ్బాయిని ఎవరూ ఏమీ అనరు. డబ్బా పోగొట్టింది నేనేనని ఆఫీసులో చెప్పేశాను. మీరు డబ్బా నాకు ఇవ్వకపోయినా సరే, బావిలో మాత్రం వేయకండి. ఆ రొట్టె పిల్లలకు పెట్టకండి. అంతే."

తట్టడం ఆగింది.

ముసలమ్మ అంది: "నువ్వు కూసున్నది బురదల."

"తెలుసమ్మా. పిల్లలు తిన్నారా?"

"ఇంకా పెంకే వేడెక్కలే. ఆగు, పిండి ముద్ద పొయ్యిల పడేస్త."

"పొయ్యిలో వద్దు!" సారు లేచి నిలబడ్డారు, తువాలు జారింది, పట్టుకున్నారు. "పొగ పీలుస్తారు. అన్నీ బయటికి ఇవ్వండి."

"తింటే తక్లీఫ్, పారేస్తే తక్లీఫ్, కాలిస్తే సుత తక్లీఫ్. ఏం మందయ్యా ఇది" అంటూనే ఆవిడ పరదా కింద నుంచి ఒక్కొక్కటే తోసింది. పిండి ముద్ద, పిండి పోసిన డబ్బా, ముద్ద కలిపిన పళ్లెం. కోడలు బూడిదతో, చింతపండుతో తోమింది కాబోలు, డబ్బాలో నా మొహం కనబడింది. "గింత మంచి డబ్బా" అంది ముసలమ్మ, నిజమైన దుఃఖంతో. సారు అక్కడే మేకు కొట్టారు. ఆ పిండిని కోళ్లకు వేయనివ్వలేదు, మోరీలో పోయనివ్వలేదు. అన్నీ గోనెలో కట్టి, కోడలిని సబ్బుతో చేతులు కడుక్కోమని, ఎవరికైనా కడుపులో తిప్పితే వెంటనే దవాఖానకు రమ్మని చెప్పారు.

"ఇయ్యాల్టి పిండి అంతే ఉండె" అంది కోడలు లోపలి నుంచి, మొదటిసారి నోరు తెరిచి.

సారు నన్ను సీతాఫల్‌మండిలోని తమ ఇంటికి తరిమారు. బందరు వాళ్లింట్లో జొన్నలెక్కడివి? ఆదివారానికని దాచిన బియ్యం మూట కట్టి ఇచ్చారు సారు భార్య, ఎందుకని అడగకుండానే. నేను తిరిగి వచ్చేసరికి ఆయన అన్నిటినీ గోతిలో పూడ్చి, మళ్లీ ఆ గల్లీకి వచ్చి నా కోసం నిలబడి ఉన్నారు.

తరువాత ఆయన కింద చాలా ఏళ్లు పనిచేశాను. మా దళంలో విషం వల్ల ఒక్కరి చేయి వణకలేదు, ఒక్కరి కన్ను పోలేదు. దాని కోసం ఆయనకు ఎప్పుడూ కృతజ్ఞత చెప్పింది లేదు. చెప్పి ఉంటే "కిటికీ తెరువు ముందు" అనేవారు.

ఆ రోజు మాత్రం ఇంకా కళ్ల ముందుంది. పొయ్యి మీద అన్నం ఉడికింది. నేను బావి నీళ్లు చెంబుతో పోస్తుంటే సారు మోచేతుల దాకా సబ్బు రాసి కడుగుతున్నారు, మళ్లీ రాస్తున్నారు, మళ్లీ కడుగుతున్నారు. పరదా అంచు పక్కగా ముడతలు పడ్డ చేయి ఒకటి పింగాణీ పళ్లెం పట్టుకుని బయటికి చాచి ఉంది. అన్నం మీద ఆవిరి, పక్కన ఇంత పచ్చిపులుసు. "తోలు ఊడుతది, చాలు, రావయ్య ఎలుకలోడా" అని లోపలి నుంచి కేక. సారు వంగి గోళ్ల సందులు తోముకుంటూనే ఉన్నారు. ఆవిరి సన్నబడింది. ఆ చేయి లోపలికి పోలేదు.