మా అత్త కార్డులో ఉన్న ఆడమనిషి

మా ఇంట్లో మా అందరివీ బర్మా కార్డులే. మా అత్తది మాత్రం పరాయివాళ్ళ కార్డు. ఆవిడ పుట్టింది శ్రీకాకుళం పక్క పల్లెలో. పెళ్ళయిన ఏడాదే ఓడెక్కి రంగం వచ్చేసింది. రంగూన్‌ని మా పెద్దవాళ్ళు రంగం అనేవారు. నలభై ఏళ్ళకి పైగా పజుండౌంగ్ కాలువ పక్కన ఒకే ఇంట్లో కాపురం చేసినా, కాయితాల్లో ఆవిడ విదేశీయురాలే. ఏడాదికోసారి ఆ కార్డు పట్టుకెళ్ళి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే ఊరు దాటడానికి పర్మిట్ ఇవ్వరు, పర్మిట్ లేకపోతే రైలెక్కనివ్వరు.

ఎనభై ఎనిమిదిలో ఆ ముద్ర గడువు శ్రావణమాసంలో పడింది. అప్పుడు ఊరు ఊరంతా వీధుల్లో ఉంది. రోజూ వానలో తడుస్తూ ఊరేగింపులు. పిల్లలు, బిక్షువులు, నర్సులు, ఆఖరికి ఆఫీసుల్లో ముద్రలు వేసే గుమాస్తాలు కూడా జెండాలు పట్టుకుని నడిచారు. మా ఆయన అహ్లోన్ రేవులో పని. అక్కడా సమ్మె. కార్డుల ఆఫీసుకి తాళం. తాళం తీశాక చూసుకుందాంలే అనుకున్నాం.

అలా అనుకున్న వారానికే మౌల్మేన్ నుంచి వక్కల వ్యాపారి ఒకాయన పడవల మీద పడి వచ్చి కబురు చెప్పాడు. మా ఆడపడుచుని అక్కడే ఇచ్చాం. ఆమెకి కామెర్లు ముదిరిపోయాయట. కళ్ళు పసుపుముద్దల్లా ఉన్నాయట. ‘అమ్మని తీసుకురండి’ అని ఒకటే మాటట.

“నానెల్లిపోతాను” అని మా అత్త అప్పుడే చీర మార్చుకుంది.

“ఎక్కడికెళ్తావు అత్తా? రైళ్ళు లేవు, కార్డుకి ముద్ర లేదు.”

“రైలు నేకపోతే నడుస్తాను. కార్డు అడిగినోడికి నా మొకం సూపిస్తాను.”

ఆ చీరతోనే సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చుంది. మా ఆయన వెళ్దామన్నా దారి లేదు.

తరవాత సైన్యం వచ్చింది. ఆ రోజులు నేను చెప్పలేను. కిటికీ తలుపులు వేసుకుని, పిల్లల్ని మంచం కిందకి తోసి, తుపాకీల చప్పుడు ఎటు పోతోందో వినేవాళ్ళం. కొన్నాళ్ళకి రోడ్ల మీద మనుషులు తగ్గారు, రైళ్ళు కొద్దికొద్దిగా కదిలాయి, ఆఫీసు తాళమూ తీశారు. పనిలోకి రాకపోతే పేరు కొట్టేస్తామని రేవులో చెప్పేశారు, మా ఆయన కదలడానికి లేదు. నా ఒళ్ళో మూడో నెల పిల్ల. పైగా మా ఆడపడుచు అడిగింది అన్ననీ కాదు, వదిననీ కాదు.

మా వీధికి రెండు వీధుల అవతల ఒక లాయరు ఉండేవాడు. వాళ్ళమ్మ మనమ్మాయి, తండ్రి బర్మా ఆయన. ఇక్కడ లాయర్లనీ, డాక్టర్లనీ, మేష్టర్లనీ అందరినీ సయా అంటారు. మేమూ సయా అనేవాళ్ళం. కార్డు చేతికిస్తే, వెనక పేజీలు తిప్పకుండా మొదటి పేజీ చదవడం మొదలెట్టాడు. చదివి పకపకా నవ్వాడు.

“పెద్దమ్మా, నీకు పెళ్ళాం ఉన్నాదా?”

మా అత్త నా వైపు తిరిగింది. “ఏటంటన్నాడే ఈ బాబు?”

“మొగుడి పేరు కాడ ఆడమనిషి పేరున్నాది. మ ఆయన అంట.”

బర్మాలో ఆడవాళ్ళ పేరు ముందు మ అని పెడతారు, మనం గారు అన్నట్టు. ఎప్పుడో కార్డు రాసిన రోజున గుమాస్తా నీ మొగుడి పేరేంటని అడిగాడు. మా అత్త మొగుడి పేరు నోట పలకదు. తల దించుకుని “మా ఆయన” అంది. వాడు చెవిన పడ్డది పడ్డట్టే రాసుకున్నాడు. ఆయన అనే ఒక ఆడమనిషి అలా మా అత్తకి మొగుడైపోయింది.

నాకూ నవ్వాగలేదు. మా అత్త నవ్వలేదు.

“మొగుడెవుడంటే మా ఆయనే అన్నాను. తప్పేటున్నాది?”

“తప్పు నేదు పెద్దమ్మా. ఇన్నాలూ ఎవుడూ సూడనేదు, ఎనకాల ముద్రేసి ఇచ్చేసినారు. ఇప్పుడు సిపాయిల్లోంచి ఒచ్చిన కొత్తాయన మొదట్నించీ సదువుతున్నాడు. మొన్న ఒకాయన కార్డులో పుట్టినూరు తేడా ఉన్నాదని కార్డే ఉంచేసుకున్నాడు. ముందు పేరు దిద్దించాల, తరవాతే ముద్ర. అర్జీ నాను రాస్తాను గానీ, ఆ పేరు ఆయన ముందు నువ్వే సెప్పాల.”

“నా కోడలు సెప్తాది.”

“కుదర్దు. కార్డు నీది.”

ఇంటికొచ్చాక నేను బతిమాలాను. మావయ్య పోయి తొమ్మిదేళ్ళయింది. అయినా ఆవిడ మొండికేసింది. మావయ్యది దేవుడి పేరు. ఆ దేవుడికి దండం పెట్టుకోవాలన్నా ఆవిడ ‘కొండమీదాయనా’ అని పిలిచేది గానీ పేరు ఎత్తేది కాదు.

“పేరు సెప్తే ఆయనకి ఆయువు తగ్గిపోద్ది” అంది.

“పోయిన మనిషికి ఇంక తగ్గేదేముంది అత్తా?”

“నోర్ముయ్యే. నీకు తెలీదు.” కార్డు నా చేతిలోంచి లాక్కుని, “ఆయన బతికున్నన్నాలూ ఒక్కపాలి కూడా అననేదు. ఇప్పుడు పోయినాక, ఎవుడో సిపాయి ముందు అనీమంటావా?” అంది.

మూడో తరగతి దాకా చదివినదాన్ని, నేనేం చెప్తాను?

మర్నాడు కూతురి కోసమని కార్డు చెంగున కట్టుకుని ఆవిడే ముందు బయల్దేరింది. మూడు రోజులు వెళ్ళి ఆ ఆఫీసు బెంచీ మీద కూర్చున్నాం. మొదటి రోజు ఆఫీసరు రాలేదు. రెండో రోజు వచ్చాడు గానీ మా వంతు రాకుండానే కర్ఫ్యూ వేళయిందని పంపేశారు. లాయరు సయా మూడు రోజులూ మాతోనే ఆ బెంచీ మీద కూర్చున్నాడు. చదువుకున్నవాడు, ఇంగ్లీషులో అర్జీ రాయగలవాడు, అక్కడ మా కన్నా ఎక్కువేమీ చేయలేకపోయాడు. లుంగీ సర్దుకుంటూ, ఎవరు తలుపు తీసినా లేచి నిలబడేవాడు.

మూడో రోజు పిలిచారు. ఆఫీసరు చిన్నవాడే, పాతికేళ్ళుంటాయేమో. అర్జీ చదివి, తల ఎత్తకుండా అడిగాడు, నీ భర్త పేరేమిటని.

మా అత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. అతనికి వినపడలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. చెంగు తీసి చెప్పింది. మన పేర్లు వాళ్ళ నోటికి తిరగవు కదా, ముక్కలు ముక్కలుగా విడగొట్టి చెప్పమన్నాడు. అక్షరం తరవాత అక్షరం, మావయ్య పేరు ఆ గదిలో మూడోసారి చెప్పింది. లాయరు సయా గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను పిల్లకి పాలిస్తున్నట్టు తల దించుకున్నాను.

పేరు దిద్దారు. ముద్ర వేశారు. ఇక పర్మిటే కదా అనుకున్నాం. పర్మిట్ కాయితం పై ఆఫీసుకి వెళ్ళాలట, ఎన్నాళ్ళకి వస్తుందో ఎవరూ చెప్పలేరట. ఇంటికొచ్చి మా అత్త చెంబుడు నీళ్ళు తీసుకుని నోరు పుక్కిలించింది.

లాయరు సయా రోజూ పై ఆఫీసుకి నడిచి వెళ్ళేవాడు. సాయంత్రం మా మెట్ల కింద నిలబడి చెయ్యి అడ్డంగా ఊపి వెళ్ళిపోయేవాడు. అలా పద్నాలుగు రోజులు. పదిహేనో రోజు పొద్దున్నే మౌల్మేన్ నుంచి అల్లుడి తమ్ముడు వచ్చాడు. గుండు గీయించుకుని ఉన్నాడు. ఇంకేం అడుగుతాం? పోయి ఐదో రోజట.

ఆ మధ్యాహ్నమే లాయరు సయా మెట్లెక్కి పైకొచ్చాడు. రొప్పుతున్నాడు, మొహం వెలిగిపోతోంది. “పెద్దమ్మా! ఒచ్చీసింది కాయితం!”

అతను గుండు మనిషిని చూశాడు. కాయితం పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

మా అత్తే అడిగింది. “ఎన్నాల్లకిచ్చినారు బాబూ?”

“ఏడు రోజులు. నిన్నటి తారీకుతో.”

వేళ్ళు లెక్కపెట్టుకుంది. కూతురు పోయిన పదో రోజుకి రంగూన్ తిరిగొచ్చేయాలి. పెద్దకర్మ పదకొండో రోజు.

“ఒక్కరోజు పెంచమని అడగనేవా?”

“అడగాలంటే మల్లీ కొత్త అర్జీ పెట్టాల పెద్దమ్మా” అన్నాడు, ఆ తప్పు తనదే అన్నట్టు.

అయినా వెళ్ళింది, ఆ తమ్ముడితోనే. రైల్లో మొత్తమ రేవు దాకా, అక్కణ్ణించి లాంచీలో నది దాటి. కూతురి కొడుకుని రెండు రోజులు ఒళ్ళో పెట్టుకుందట. వాళ్ళెంత ఉండమన్నా ఉండలేదు. గడువు దాటితే మళ్ళీ పర్మిట్ పుట్టదని, పదో రోజు చీకటి పడేలోగా ఇంట్లో అడుగు పెట్టింది.

పదకొండో రోజు పొద్దున్నే స్నానం చేసి, తడిచీరతోనే వీధి వైపు వరండాలో కూర్చుంది.

“ఒలే, అక్కడ పిండాలు ఎన్నింటికి పెడతారో అడగడం మర్సిపోయినానే” అంది.

నాకేం తెలుసు? “పన్నెండింటికి అత్తా” అన్నాను.

గోడ గడియారం కనిపించేలా పీట జరుపుకుని కూర్చుంది. మంచినీళ్ళు కూడా ముట్టలేదు. పన్నెండయ్యాక, “అయిపోయుంటాది కదా?” అని నన్నే అడిగింది. అయిపోయుంటుంది అన్నాను.