నెమళ్లు చిక్కుకున్న డిస్కు

మా యారాలు పోయింది. మా వారి అన్నగారి భార్య. పొద్దున్నే భేస్తాన్‌లోని వాళ్లింటి నుంచి బావ ఫోన్ చేసి ఆ ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు. ఏడుపు వచ్చింది. అబద్ధమెందుకు, దాంతోపాటే పాత కుళ్లూ వచ్చింది. పెళ్లిలో నాకంటే ముందు, పేరు తెచ్చుకోవడంలో ముందు, ఇప్పుడు పోవడంలోనూ నన్ను వెనక్కి నెట్టేసి పోయింది మహాతల్లి.

సూరత్‌లో మరమగ్గాల ఇంటికి ఇద్దరం కోడళ్లుగానే వచ్చాం. ఇద్దరిదీ పదో తరగతే. అయినా ఆమెకు గుజరాతీ గడగడా వచ్చేసింది. కూరగాయలవాడు ఆమె సంచిలో అడక్కుండానే కొత్తిమీర వేసేవాడు, నేను అడిగినా వినబడనట్టు ఉండేవాడు. నేను చేసిన పచ్చిపులుసు జుర్రుకుంటూనే మా అత్త, "పెద్దదాని చెయ్యి వడితే దీని రుచే వేరుండు" అనేది. ఒళ్లు మండదా చెప్పండి!

తొంభైల చివర్లో బావా, మా వారూ కలిసి ఇంట్లో కంప్యూటర్ పెట్టారు. చీరల అంచులూ బుటాలూ అందులో గీస్తే, ఆ గీత ప్రకారం జకార్డు మగ్గానికి అట్టల్లో రంధ్రాలు కొట్టేవారు. మగవాళ్లు మగ్గాల దగ్గర, గీత పని మా ఇద్దరిదీ. నావి తీగెలు, చిన్న చిన్న పూలు. ఆమెవి నెమళ్లు. మార్కెట్ నుంచి వచ్చే సేట్లందరికీ ఆ నెమళ్లే కావాలి. ఒక నెమలైతే మెడ వెనక్కి తిప్పి చూసేది. ఆ మెడ వంపు నాకు చచ్చినా రాలేదు. చాటుగా గీయడం, చెరిపేయడం.

ఒక దీపావళి సీజన్ ముందు, మొట్టమొదటిసారి, ఒక సేటు నెమళ్లను పక్కకు జరిపి నా తీగెను మెచ్చాడు. త్వరగా ఇమ్మన్నాడు. ఆ రోజు నేను నేల మీద నడవలేదు. మర్నాడు కంప్యూటర్ వేస్తే నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు.

"గిదేంది చెల్లే?" అంది ఆమె.

"హార్డ్ డిస్కు కరాబైతున్నదంట అక్కా. అండ్ల ఉన్నయన్ని వేరేకాడ దాసుకొని కొత్తది వేసుకోవాల్నంట. ఎఫ్ వన్ నొక్కితే మాత్రం నడుస్తది."

నొక్కాను. నడిచింది. మర్నాడూ అవే అక్షరాలు, మళ్లీ నొక్కాను, మళ్లీ నడిచింది. ఆమె ఊరుకోలేదు, మెకానిక్‌ను పిలిపించింది. డిస్కు తన ఒంట్లో నలతను తనే చూసుకుంటూ ఉంటుందట. లోపల పాడైన చోట్లు పెరిగితే ఇలా ముందుగా చెప్తుందట. ఎప్పుడు ఆగుతుందో మాత్రం దానికీ తెలియదట. "ఏక్ దిన్ భీ చల్ సక్తా హై భాభీ, ఏక్ సాల్ భీ" అన్నాడు. నాకు ఏడాది మాట వినబడింది. ఆమెకు ఒక్కరోజు మాట వినబడింది.

"పండుగైనంక సూద్దాం తియ్" అన్నాడు బావ. "మగ్గం సప్పుడు చేస్తే బందు వెడ్తమా? పోగు తెగితే ముడేస్తం, నడిపిస్తం."

"పోగు తెగితే ముడేస్తవ్. ఇది తెగితే ముడి ఏడ వేస్తవ్?" అంది ఆమె. "పాత పడుగు ఉండంగనే కొత్తది అతకాలె. అయిపోయినంక దేనికి అతుకుతవ్?"

ఆమె పుట్టింటి ఆడవాళ్ల పనే అది. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, పూర్తిగా అయిపోకముందే, మిగిలిన కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతుకుతారు. పాత పోగే కొత్తదాన్ని మగ్గంలోకి లాక్కెళ్తుంది. డిస్కుకూ అదే లెక్క అంది.

నా అనుమానం నాది. డబ్బా విప్పితే పని ఆగుతుంది. ఆలస్యమైతే సేటు తయారుగా ఉన్న నెమలిని పట్టుకుపోతాడు. దాచుకోలేక ముఖం మీదే అడిగేశాను. "నా డిజైన్ పోతున్నదని కడుపుమంట గాదా అక్కా నీకు?"

అత్త నోరెళ్లబెట్టింది. ఆమె మాత్రం పళ్లన్నీ కనబడేలా నవ్వింది. "మంటనే చెల్లే. దానిమీద జర చాయ్ పెట్టు."

ఆమె మాటే నెగ్గింది, ఎప్పటిలాగే. మెకానిక్ కొత్త డిస్కు తెచ్చి పాతదాని పక్కనే తగిలించాడు. పాతదాని మీద చెయ్యి వేసి చూసి, బాగా వేడెక్కిందనీ, ఎంతవరకు ఇస్తుందో చెప్పలేననీ అన్నాడు. "పహలే కిస్కా?" అని అడిగాడు. ఆ ఇంట్లో ముందు అంటే ఆమెదే.

"చెల్లెవి ముందు" అంది ఆమె. చాటలో బియ్యం ఏరుతోంది, తల కూడా ఎత్తలేదు.

నా తీగెలన్నీ కొత్త డిస్కులోకి వచ్చేశాయి. తర్వాత ఆమె నెమళ్లు మొదలయ్యాయి. కాసేపటికే లోపల టక్ టక్‌మని చప్పుడైంది. తెర బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ వేస్తే పాత డిస్కు కనబడనే లేదు. నెమళ్లు దాంట్లోనే ఉండిపోయాయి.

నావి దక్కాయి. సేటుకు డిజైన్ అందింది. సంతోషపడాలి కదా! అసూయతో రగిలిపోయాను. ఆ మాట ఏదో నేనే ముందు అని ఉంటే ఏం పోయేది? మంచితనంలో కూడా నన్ను ముందు నిలబడనివ్వలేదు ఆ మనిషి.

"పోనీ తియ్, చేతిల ఉన్నయ్ గద" అంది కానీ, మెడ తిప్పిన నెమలిని మాత్రం మళ్లీ గీయలేదు. ఏనుగులు గీసింది, మామిడి పిందెలు గీసింది. సేట్లు అడిగితే, "అవి డిస్కుల మేస్తున్నయ్" అని నవ్వించేది.

పాత డిస్కును మెకానిక్ పట్టుకుపోబోతే లాక్కుంది. అన్నం పెట్టిన పనిముట్టు విరిగినా మా ఇళ్లలో పారేయం, దసరాకు బొట్టు పెడతాం. మగ్గంలో అడ్డపోగు ఆడించే నాడె ఒకటి విరిగితే దాచింది, దాని పక్కనే దేవుడి అరలో పెట్టుకుంది డిస్కును.

ఆమె పోయాక భేస్తాన్ వెళ్తే బావ, "ఆమెది ఏమన్న కావాల్నా నీకు?" అని అడిగాడు. పట్టుచీరలున్నాయి, ముక్కుపుడక ఉంది. నేను డిస్కు అడిగాను.

ఇప్పుడది ఆల్థాన్‌లో, మేం వేరుపడి ఉంటున్న ఇంట్లో, దేవుడి అరలో ఉంది. ఏటేటా పెట్టిన పసుపు కుంకుమలు పేరుకుని కింద ఇనుము కనబడదు. కిందటి దసరా బొట్టులో ఆమె ఉంగరపు వేలి ముద్ర అలాగే ఉంది. లోపల ఎక్కడో ఆ నెమలి ఇంకా మెడ తిప్పి చూస్తూనే ఉంటుంది. ఈ దసరాకు కుంకుమ భరిణె తీసినప్పుడు నా వస్తువులన్నీ ఆగాల్సిందే. అక్కవి ముందు.