పురట్టాసిలో మానేసిన మాత్రలు

ఇది ఇంతకు ముందే రాయవలసింది. నాకు అక్షరాలు రాక రాయలేదు. కోయంబత్తూరు దగ్గర మా సూలూరు పక్క తెలుగిళ్లల్లో తెలుగు నోట్లోనే ఉంటుంది, బడిలో చెప్పేది అరవం. ఆ బడికి కూడా నేను రెండేళ్లే పోయాను. తరువాత నూలు కండెలు చుట్టడానికి మగ్గాల షెడ్డుకు పంపారు. యాభై ఎనిమిదో ఏట తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. కోడలు రోజుకొక అక్షరం కాగితం మీద పెద్దగా రాసి, ఫోటో తీసి, నా కొడుకు ఫోనుకు పంపేది. నేను కొట్టిన మనిషి ఆమె.

మా ఆయన చనిపోయిన ఏడాది నాకు ఈ జబ్బు మొదలైంది. ముందు భయం వచ్చేది. ఒంట్లో ఎవరో పరుగెత్తుతున్నట్టు ఉండేది. పక్క షెడ్డులో మగ్గాల చప్పుడు నా గురించే మాట్లాడుతున్నట్టు వినిపించేది. ఆ భయం చేతుల్లోకి దిగేది. ఒకసారి ఇత్తడి చెంబుతో కొడుకు పెదవి చీల్చాను. ఇంకోసారి వాడి భుజం కరిచి పట్టుకున్నాను, నోట్లో రక్తం ఉప్పగా తగిలినా విడవలేదు.

దయ్యం పట్టిందని నన్ను పెరియకుళం దగ్గర ఒక పూజారి దగ్గరికి తీసుకుపోయారు. అతను నా జుట్టు స్తంభానికి కట్టి చింతబరికెతో కొట్టాడు. వీపు చిట్లింది. కొడుకు చూస్తూ నిలబడ్డాడు. వాడి చొక్కా కింద నా పళ్ల గాటు అప్పటికి మానలేదు. ఇంటికొచ్చాక నాలుగు రోజులు మెదలకుండా పడుకున్నాను. అందరూ నయమైందన్నారు. ఐదో రోజు అద్దం పగలగొట్టాను.

కోడలు చిత్తూరు పక్కది, తెలుగు బడిలో చదువుకుంది. వచ్చిన ఏడాదికే, ఐదో నెల కడుపుతో ఉన్న మనిషిని గుమ్మం మీదికి తోశాను. పక్కకు పడింది కాబట్టి సరిపోయింది. మరునాడు తనే నన్ను ఆటోలో కూర్చోబెట్టి కోయంబత్తూరులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన రక్తం తీయించి పరీక్షకు బయటూరికి పంపాడు. ఫలితం వచ్చాక, మేము మగ్గాల వాళ్లమని తెలిసి ఇలా చెప్పాడు.

"మోటారు మరీ వేగంగా తిరిగితే నూలు ఏమవుతుందమ్మా?"

"తెగుతుంది."

"మీ ఒంట్లో మిథైలేషన్ అని ఒక పని జరుగుతుంది. అది మీకు అతివేగంగా నడుస్తోంది. హిస్టమిన్ తక్కువగా ఉంది. వేగం తగ్గించడానికి విటమిన్లు ఇస్తాను."

ఫోలిక్ యాసిడ్, బి పన్నెండు, నియాసిన్, జింకు రాశాడు. మెథియోనిన్ అనేది ఉన్న మందు ఏదీ మింగవద్దని, అది వేగాన్ని ఇంకా పెంచుతుందని రెండుసార్లు చెప్పాడు. పెద్దాసుపత్రిలో కూడా చూపించమని, అక్కడ ఇచ్చే రాత్రి మాత్ర మానకూడదని అన్నాడు. పెద్దాసుపత్రి డాక్టరు ఆ చీటీ చూసి, "ఈ హిస్టమిన్ లెక్కను నేను నమ్మను. మింగితే మింగండి, నా మాత్ర ఆపవద్దు," అన్నాడు. ఇద్దరిలో ఎవరిది నిజమో నాకు తెలియదు. నియాసిన్ మింగిన అరగంటకు మొహం, మెడ కాలినట్టు ఎర్రబడేవి. కోడలు తడిగుడ్డ వేసేది. రెండు మూడు నెలలకు మగ్గాల చప్పుడు మగ్గాల చప్పుడు లాగే వినిపించింది.

మనవరాలు పుట్టాక బిడ్డను నా ఒడిలో పెట్టే ముందు కోడలు అంది, "అత్తా, ఇంకొక్కసారి మీ చెయ్యి లేస్తే బిడ్డనెత్తుకోని చిత్తూరికి పోతా. మళ్లా రాను. నన్ను బస్సెక్కించేది మీరే."

"సరిమా, నేనే ఎక్కిస్తా," అని బిడ్డ తల మీద చెయ్యి పెట్టాను.

రెండేళ్లు చెయ్యి లేవలేదు.

పురట్టాసి నెల వచ్చింది. అది పెరుమాళ్ల నెల, అంటే వెంకటేశ్వరస్వామి నెల. మా ఇళ్లల్లో ఆ నెలంతా నీచు వండరు, శనివారాలు ఒంటిపూట ఉంటారు. నీచు తగిలిన గిన్నెలు కూడా అటక మీదికి ఎక్కిస్తారు. ఉడుమలైపేట నుంచి మా ఆయన అక్క వచ్చింది. ఒక మిల్లు యజమాని ఇంట్లో వంట చేస్తుంది. నేను గొట్టం మాత్రలు, అదే క్యాప్సూళ్లు, మింగడం చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఏ పిల్లా, గిన్నెలు అటకెక్కించి గొడ్డెముక మింగతా ఉండావా?"

"ఎముకేంది వదినా? మాత్ర ఇది."

"పైనుండే తోలు దేంతో చేస్తారనుకున్నావు? గొడ్డెముకల బంకతో. మా యజమానమ్మకు తెలిసి ఇంట్లోకే రానియ్యలా. ఆమెకీ నీ మాదిరే తల జబ్బు. నీచు లేని సైవ మాత్తిరె తెప్పించుకుంటాది. అందుకే నీకూ అడిగి తెచ్చినా, ఇందా."

"డాక్టర్ని అడగాల గదా?"

"పెరుమాళ్లకు లేని డాక్టరా నీకు? ఒక్క నెల. చచ్చిపోవులే."

తల జబ్బు అంటే ఒకటే అనుకున్నాను. గొట్టాలు విప్పి లోపలి పొడి మాత్రం మింగవచ్చునన్న ఆలోచన కూడా రాలేదు. తోలుకు తగిలిన పొడి కూడా నీచే అనిపించింది. ఉదయం విటమిన్లది, రాత్రి మాత్రది, నా డబ్బాలు రెండూ బియ్యం డ్రమ్ములో అడుగున దాచి, వదిన ఇచ్చిన అట్టలు మొదలుపెట్టాను. కోడలికి చెప్పలేదు. రాత్రి మాత్ర కూడా గొట్టమే కాబట్టి అదీ మానేశాను.

పది రోజులకు నిద్ర పోయింది. మగ్గాలు మళ్లీ మాట్లాడాయి. కోడలు నా చారులో ఏదో కలుపుతోందని చెప్పాయి. నేను తినడం మానేసి ఆమె చేతులనే చూస్తూ కూర్చునేదాన్ని.

శుక్రవారం మధ్యాహ్నం కోడలు దోసెలు పోస్తోంది. బిడ్డ ఆమె కాళ్ల దగ్గర గరిటెతో ఆడుకుంటోంది.

"అత్తా, రాండి, వేడిగా తినండి. మొగమంతా పీక్కపోయింది."

"దాంట్లో ఏం కలిపినావు?"

"ఉప్పు," అని నవ్వింది.

ఆ నవ్వు నాకు ఒప్పుకోవడంలా కనిపించింది. పొయ్యి మీది ఇనుప పెనం కాడ పట్టుకుని ఎత్తాను. కాడ కూడా కాలుతోంది, నా అరచెయ్యి అంటుకుంది, అయినా వదల్లేదు. ఆమె తలకు గురి పెట్టాను. ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. చర్మం పెనానికి అంటుకుని ఊడింది. రెండోసారి ఎత్తేసరికి ఆమె కిందికి వంగి బిడ్డను తన పొట్ట కింద వేసుకుంది. పెనం ఆమె వీపు మీద పడింది. మూడోసారి గోడకు తగిలి సున్నం రాలింది. నేను ఎత్తుతూనే ఉన్నాను. నా కాళ్ల దగ్గర, ఆమె ఒంటి కింద నుంచి బిడ్డ ఏడుపు వస్తోంది. ఆ ఏడుపు కూడా నన్ను తిడుతున్నట్టే ఉంది.

కొడుకు షెడ్డులోంచి పరుగెత్తుకొచ్చి నా చెయ్యి మెలిపెట్టాడు. పెనం కింద పడింది. నా చెంప మీద రెండు కొట్టాడు, జీవితంలో మొదటిసారి. నూలు తాడుతో కిటికీ ఊచలకు కట్టేశాడు. నేను తాడు కొరికాను, వాడి మొహం మీద ఉమ్మాను.

కోడలు లేచి కూర్చుంది. చేతి నుంచి రక్తం మోచేతి దాకా కారుతోంది. ఆమె నా దిక్కు చూడకుండా నా మాత్రల కోసం అలమరలో చెయ్యి పెట్టి, తను ఎరగని అట్టలు బయటికి లాగి, వెనక అచ్చు చదివింది.

"మెథియోనిన్," అంది నా కొడుకుతో. "మింగొద్దన్న మందే. ఎవురిచ్చినారు అత్తా?"

"వదిన."

"మీ మాత్రలేడ?"

"బియ్యంలో."

ఆసుపత్రిలో చెయ్యి ఎలా విరిగిందని అడిగితే, "మా అత్త కొట్టింది," అని ఉన్నది చెప్పింది. పెద్దాసుపత్రిలో నాకు సూది వేశారు, మగ్గాల మాటలు అణిగాయి. సాయంత్రం ఇంటికి వచ్చాం. ఆమె ఒంటిచేత్తో బట్టలు సర్దుకుంది. కొడుకు ఆపబోయాడు.

"మందు మారిందే, అమ్మ ఏం చేస్తుంది?"

"మందే గావచ్చు. పెనం కింద ఉండింది మాత్రం నా బిడ్డ," అంది.

 

మరునాడు పురట్టాసి శనివారం. పొద్దున్నే తలకు పోసుకుని, బియ్యంలో చెయ్యి పెట్టి డబ్బాలు తీశాను. పెరుమాళ్ల పటం ముందు నిలబడి గొట్టం మాత్ర తోలుతో సహా మింగాను. తరువాత కోడలి సంచీ భుజానికెత్తుకుని ముందు నడిచాను. కాలిన అరచేతికి సంచీ పట్టీ ఒరుసుకుంటోంది. వెనక పదడుగుల దూరంలో ఆమె, బిడ్డను ఎత్తుకుని నా కొడుకు.

కోయంబత్తూరు బస్సు వచ్చింది. కోడలినీ బిడ్డనూ నేనే ఎక్కించాను. కిటికీలోంచి రెండు డబ్బాలు అందించి, "ఏది ఎప్పుడో గుర్తు పెట్టిపో," అన్నాను. ఆమె కిటికీ పక్కన నిలబడ్డ నా కొడుకు జేబులోంచి పెన్ను తీసుకుని, ఒక మూత మీద ఒక అక్షరం, రెండోదాని మీద ఇంకొకటి రాసింది.

"ఇది 'ఉ', ఉదయం. ఇది 'రా', రాత్రి. ఎవురేమి చెప్పినా మానొద్దండి."

బిడ్డ నన్ను చూసి మొహం తిప్పుకుంది. బస్సు కదిలింది. సిరా ఆరేదాకా మూతలకు వేళ్లు తగలనివ్వకుండా, డబ్బాలను అడుగున పట్టుకుని ఇంటికి నడిచాను.