నైరుతి మూల మెరక

మా అక్కావాళ్ళ ఇల్లు హనుమాన్ జంక్షన్ రోడ్డులో, మొన్నమొన్నటిదాకా వరి పండిన చేలో ఉంది. కింద మెత్తటి బంకమట్టి. అందుకే కింద గట్టినేల తగిలేదాకా పైల్స్, అంటే పొడవాటి కాంక్రీటు స్తంభాలు, దింపి వాటి మీద కట్టాం. ఇంజినీరును నేనే. ఇల్లు లేచాక బావగారు ఫోన్ చేశారు.

"నైరుతి పల్లంగా ఉందోయ్. ఆ మూల ఓ ఆరడుగులు మెరక తోలిస్తే పైల్స్‌కి ఏమన్నా అవుద్దా?"

"కొండ తెచ్చి పోసినా కదలదు బావగారూ" అన్నాను. అంత పొగరు నాది.

రెండేళ్ళు తిరిగేసరికి సరిగ్గా ఆ మూలే దిగింది. గోడ పగిలింది, పడగ్గది తలుపు పట్టేసింది. నేను వెళ్ళేసరికి అక్క బావగారి మీద విరుచుకుపడుతోంది.

"వాస్తు వాస్తని మట్టి గుమ్మరించారు! బంగారంలాంటి ఇల్లు, మా తమ్ముడు కట్టింది, పాడుచేసి కూర్చున్నారు!"

ఆయన పేపర్లోంచి తలెత్తలేదు. నేను బయటికెళ్ళి, కూలీ చేత ఆ మూల తవ్వించాను.

మట్టి దిగితే దిగనీ, గట్టినేల దాకా వేసిన పైల్ ఎందుకు దిగాలి? గోతిలోకి దిగి చూశాను. పైల్ కన్నా చుట్టూ నేల జానెడు ఎక్కువే కిందికి పోయింది. పైల్‌కి పట్టిన మట్టిని గోరుతో గీకినా ఊడదు. అప్పుడు వెలిగింది. కొత్త మట్టి బరువుకి కింద బంక నలిగి దిగుతూ, పైల్ ఒంటిని పట్టుకుని తనతో లాగింది, నడిచే తల్లి కొంగు పట్టుకుని పిల్లాడు చతికిలబడ్డట్టు. పైల్‌ని మట్టి మోస్తుందనే లెక్కేశాను గానీ, మట్టే పైల్ మీద బరువవుతుందని మర్చిపోయాను. చదువుకున్నదే! పరీక్షలో రాశాను కూడా.

లోపలికొచ్చి, "మెరక తీసేస్తే లాగే బరువు తగ్గుతుంది. ఇల్లు నిలబడుతుంది" అన్నాను.

"విన్నారా? ముందే వాణ్ణి ఒక్కమాట అడిగుంటే ఏం పోయేది?" అంది అక్క.

ఇక ఊరుకోలేకపోయాను. "అడిగారక్కా. పోసుకోమన్నది నేనే."

అక్క నా వైపు చూసింది, తర్వాత ఆయన వైపు. "ఇన్నాళ్ళూ నాతో తిట్లు తింటూ ఒక్కమాట చెప్పరేమండీ?"

"ఏం చెప్పను? వచ్చినవాళ్ళందరికీ మా తమ్ముడు కట్టాడని తిప్పి తిప్పి చూపిస్తావు. ఆ సంబరం కూడా తీసెయ్యమంటావా?"

అక్క ఆయనకి కాఫీ కలపడానికి లేచింది. నాకు కావాలా అని అడగలేదు.